మేక బస్సు దిగదు

మార్కెట్ యార్డులో కొత్తగా చేరిన పిల్లలు మొన్న ఇంటికి వచ్చి, "సార్, మీ సర్వీసుల మరిచిపోలేని సంగతి ఒకటి రాసియ్యండి, మన సంఘం సంచికల వేస్తం" అన్నారు. పసుపు సీజన్‌లో జరిగిన ఏ కాంటా గొడవో, అకాల వానకు తడిసిన కుప్పల సంగతో రాస్తాననుకొని ఉంటారు. అలాంటివి చాలానే ఉన్నాయి. కానీ నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టిన పని ఎవరూ ఆర్డరు ఇవ్వకుండా నా మీద పడింది. సర్వీసు చివరి ఏడాదిలో కొన్ని నెలలపాటు నేను నా భార్య తరఫున ఒక పిల్లల పత్రిక సంపాదకురాలితో వ్యవహారం నడిపాను. దాని గురించే రాస్తున్నాను. దీనికీ యార్డుకూ ఏం సంబంధమని మాత్రం అడగకండి.

నా భార్య బొమ్మలు వేస్తుంది. ఆర్మూర్‌లో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. మా గల్లీలో ఆమె యార్డు సూపర్‌వైజర్ భార్య, అంతే. హైదరాబాదు నుంచి వచ్చే ఒక పిల్లల మాసపత్రికకు ఆమె ఏళ్ల తరబడి వేస్తూ వచ్చింది. ముందు గదిలో కిటికీ పక్కన చాప, దాని మీద వాలు బల్ల, సిరా సీసాలు. నేను యార్డుకు బయల్దేరేటప్పుడు అక్కడ కూర్చునేది, సాయంత్రం వచ్చేసరికి అక్కడే ఉండేది. మాకు పిల్లలు లేరు. దాని గురించి ఎవరైనా జాలిగా మాట్లాడితే, "నెలకొకసారి వేలమంది పిల్లలకు జవాబు చెప్పుకుంటున్న, ఇంకెంతమంది కావాలె" అనేది.

ఆ రోజుల్లో ఆమె ఒక బొమ్మల కథ వేస్తోంది. ఒక మేకపిల్ల సంతలో తల్లి నుంచి తప్పిపోతుంది. ఇంటికి పోదామని బస్సెక్కుతుంది. ప్రతి నెలా అది ఎక్కేది తప్పు బస్సే. ఒక నెల రైల్వే స్టేషన్‌కు చేరుతుంది, ఒక నెల పెండ్లి పందిట్లోకి, ఇంకో నెల సినిమా హాలు ముందుకు. ఆ మేకపిల్లకు పిల్లలు ఉత్తరాలు రాసేవాళ్లు, బోర్డు చదివి ఎక్కమని. కథ ముగింపుకు వచ్చింది. ఆఖరి భాగం ఒక్కటే మిగిలింది. మేకపిల్ల ఇంటికి ఎట్లా చేరుతుందని నేనెప్పుడూ అడగలేదు. పత్రికలో వచ్చాక చూసుకుంటాను కదా అనుకునేవాణ్ణి. సంపాదకురాలిని కూడా నేను ఎరగను. పక్క గదిలో నా భార్య ఫోన్ మాట్లాడుతూ "మేడం, మేడం" అంటుంటే వినడం తప్ప.

పసుపు సీజన్ మొదలైంది. యార్డులో కాలు పెట్టే సందు లేదు. అంతకు ముందు నా భార్యకు రెండు మూడు దినాలు విరేచనాలు, జ్వరం వచ్చి తగ్గాయి. మేం మరిచిపోయాం కూడా. ఒక ఉదయం చాప మీది నుంచి లేవబోయి లేవలేకపోయింది.

"కాళ్లు తిమ్మిరెక్కినయ్. జర లేపు" అంది.

"పొద్దంత గట్ల కూసుంటే ఎక్కయా మరి" అని నవ్వి, లేపి, యార్డుకు వెళ్లిపోయాను. మధ్యాహ్నం కాంటా దగ్గర ఉన్నప్పుడు ఫోన్ వచ్చింది.

"పెన్ను జారిపోతుంది. నువ్వు రా."

ఇంకేమీ చెప్పలేదు. నేను వెళ్లేసరికి ఆమె బల్ల ముందే ఉంది. పెన్ను నేల మీద పడి ఉంది. కాగితం మీద ఒక సిరా గీత అడ్డంగా చివరిదాకా పోయింది. ఆమె కాళ్ల సంగతి పట్టించుకోవడం లేదు. ఒళ్లో పెట్టుకున్న కుడిచెయ్యి వంక చూస్తోంది, అది వేరేవాళ్ల చెయ్యి అయినట్టు.

ఆర్మూర్‌లో డాక్టరు ఆమె మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టి చూశాడు. కాలు కదల్లేదు. రెండోది కూడా కదల్లేదు. సుత్తి బల్ల మీద పెట్టి, "ఇక్కడ టైం పాడు చెయ్యకుండ్రి. నిజామాబాద్ తీస్కపోండి, ఇప్పుడే" అన్నాడు. దారి పొడుగునా పసుపు బస్తాల లారీలు. వాటి వెనకాల మా కిరాయి కారు పాకుతోంది. వెనక సీట్లో పడుకొని నా భార్య తన ఫోన్ నాకు అందించబోయింది. చెయ్యి లేవక ఫోన్ సీటు మీద పడిపోయింది. నేనే తీసుకున్నాను.

"మేడం ఫోన్ చేస్తది. జ్వరమని చెప్పు. గిది చెప్పకు, పరేషాన్ అయితది" అంది.

నిజామాబాద్ దవాఖానలో నరాల పరీక్ష చేశారు. డాక్టరు నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి నరాల మీద పడిందని, ఆ బలహీనత కాళ్ల నుంచి పైకి పాకుతుందని చెప్పాడు. చాలామంది బాగవుతారని కూడా చెప్పాడు.

"ఎక్కడి దాక పాకుతది సార్?" అన్నాను.

"అది ఇప్పుడే చెప్పలేం. ఊపిరి దాక రావొద్దనే మందు ఎక్కిస్తున్నం."

పూటపూటకూ ఆయన వచ్చి, "ఒక్క దమ్ముల లెక్కపెట్టమ్మా" అనేవాడు. ఆమె గుండెనిండా గాలి పీల్చుకొని ఒకటి, రెండు, మూడు అంటూ ఆ ఊపిరి అయిపోయేదాకా లెక్కపెట్టాలి. తలుపు దగ్గర నిలబడి నేను కూడా ఆమెతోపాటు ఊపిరి పట్టి లోలోపల లెక్కపెట్టేవాణ్ణి. మొదట్లో ఇద్దరం దాదాపు ఒక్కచోటే ఆగేవాళ్లం. తర్వాత ఆమె ఆగిపోయేది, నా లెక్క ఇంకా నడుస్తూ ఉండేది. ప్రతిసారీ ఆమె ఇంకాస్త ముందే ఆగింది. నా ఊపిరిని నేను బలవంతాన వదిలేసేవాణ్ణి.

అట్లాంటి పూటే ఒకసారి ఆమె ఫోన్ నా జేబులో మోగింది.

"నమస్కారమండీ, మేడంగారు లేరా?" అంది అవతలి గొంతు. సంపాదకురాలు.

"జర జ్వరమొచ్చింది మేడం. పండుకుంది."

"అయ్యో, పడుకోనివ్వండి. ఆఖరి భాగం నెలాఖరుకు వస్తే చాలని చెప్పండి. ఎలా ముగిస్తున్నారో నాకు కూడా చెప్పలేదావిడ. మీకైనా చెప్పారా?"

"లేదు మేడం."

"గట్టి మనిషి" అని ఆమె నవ్వింది. నేను కూడా నవ్వాను. గాజు తలుపు అవతల డాక్టరు నా భార్యను మళ్లీ లెక్కపెట్టమంటున్నాడు.

ఆ మరునాడే ఆమె ముఖం కూడా పట్టు తప్పింది. నాతో ఏదో చెప్పబోయింది, పెదవులు కలవలేదు. మాట నీళ్లలో నానినట్టు వచ్చింది. "ఏంది? మళ్ల చెప్పు" అన్నాను. మళ్లీ చెప్పింది. అప్పుడూ తెలియలేదు. ఇంతలో నన్ను బయటికి పంపి, నోట్లో గొట్టం వేసి ఊపిరి మిషన్ పెట్టారు. ఆ చెప్పబోయిన మాట ఏమిటోనని నేను పడ్డ బాధ ఇంతా అంతా కాదు. తర్వాతెప్పుడో అడిగితే, "పొయ్యి మీద పాలున్నయేమో చూడుమన్న" అంది.

మిషన్ పెట్టాక ఆమెకు కళ్లు తప్ప ఏమీ కదల్లేదు. రెప్పలు కూడా పూర్తిగా మూతపడేవి కావు. కళ్లు ఎండిపోకుండా నర్సమ్మ చుక్కలు వేసి, నిద్రపోయే వేళకు పట్టీ అంటించేది. మిగతా వేళంతా ఆమె చూస్తూనే ఉండేది. ఆ చూపుకు నేను భయపడ్డాను. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఆమెకు అంత వినబడుతది, అంత తెలుస్తది. ముందట ఏడ్వకుండ్రి" అన్నాడు. ధైర్యం చెప్పడానికే అన్నాడు. నాకు మాత్రం అంతకంటే భయంకరమైన మాట ఇంకోటి వినబడలేదు. స్పృహ లేకుండా పడి ఉందనుకుంటే కాస్త నయంగా ఉండేది. మనిషి మొత్తం లోపలే ఉంది, తలుపులన్నీ బయటి నుంచి వేసేశారు.

నర్సమ్మే మాకొక దారి చూపించింది. చిన్న పిల్ల, బాల్కొండ దిక్కు మనిషి. "పైకి చూస్తే అవును, పక్కకు చూస్తే కాదు. గట్ల అడగండి సార్" అంది. అప్పటి నుంచి దాహమా, చెవి దగ్గర దురదా, కాలు మడత పెట్టాలా అని అడిగేవాణ్ణి. ఆమె పైకో పక్కకో చూసేది.

యార్డు మనుషుల సంగతి చెప్పాలి. సీజన్ మధ్యలో సెలవు అడగడానికి నాకు నోరు రాలేదు. మా సెక్రటరీ కోపిష్టి. ఆయనే ఫోన్ చేసి, "యార్డు ఎక్కడికీ పోదు. నువ్వు ఆడనే ఉండు" అని పెట్టేశాడు. నా కింద పనిచేసే తమ్ముడిలాంటి కుర్రాడు మొదట్లో రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. ఏ షెడ్డులో ఎవరి కుప్పలు, ఎవరితో ఏ పేచీ అని అడిగేవాడు. రానురాను అడగడం మానేశాడు. "ఎట్లుంది అక్కకు?" అని గొంతు తగ్గించి అనేవాడు. ఆ గొంతు తగ్గడం నాకు నచ్చేది కాదు. ఇంకొకాయన ఆపిల్ పండ్లు పట్టుకొని చూడవచ్చాడు. వేల్పూర్‌లో తన బంధువుకు అచ్చం ఇదే బీమారి వచ్చిందని, ఎంత చేసినా దక్కలేదని వివరంగా చెప్పాడు. చెప్తూ చెప్తూ ఒక పండు తనే కోసుకొని తిన్నాడు. పాపం, నాకు తోడుగా ఉందామనే వచ్చాడు.

సంపాదకురాలు మళ్లీ ఫోన్ చేసినప్పుడు ఇక దాచలేకపోయాను.

"మేడం, జ్వరం గాదు" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. లైను పోయిందేమోనని ఫోన్ చూసుకున్నాను.

"నేను వస్తాను" అంది చివరికి.

"లోపలికి ఎవ్వరిని పోనిస్తలేరు మేడం. అచ్చి ఏం జేస్తరు."

ఆ రోజు ఆమె బొమ్మల మాట ఎత్తలేదు. మరునాడు ఎత్తింది. అడగడానికి సిగ్గుపడుతున్నట్టు ఆగి ఆగి అడిగింది. పత్రిక ముందే అంతంతమాత్రంగా నడుస్తోందట. మేకపిల్ల ఈ నెల ఇల్లు చేరుతుందని పోయిన సంచికలో ప్రకటించారు. ఆఖరి భాగం ఏమైందని యజమాని రోజూ అడుగుతున్నాడు. ఇంట్లో ఏవైనా పేజీలు పూర్తయి ఉన్నాయేమో ఒక్కసారి చూడగలరా అని ఆమె అడిగింది.

మా వదినను, అంటే నా భార్య అక్కను, దవాఖానలో కూర్చోబెట్టి బస్సులో ఆర్మూర్ వచ్చాను. తాళం తీస్తే ఇల్లు వేరే వాళ్లదిలా ఉంది. బల్ల మీద పై కాగితం, అడ్డంగా పోయిన ఆ సిరా గీత అట్లానే ఉన్నాయి. దాని కింద ఆఖరి భాగానికి పెట్టుకున్న కాగితాలు దొరికాయి. పెన్సిల్‌తో, స్కేలు పెట్టి గళ్లు మాత్రం గీసుకుంది. గళ్లలో ఏమీ లేదు. మేక లేదు, బస్సు లేదు, చెట్టు లేదు. చేసేదేమీ లేక వాటికే ఫోన్‌తో ఫోటోలు తీసి పంపాను.

"మీ తల నీడ పడిందండీ. కిటికీ వైపు తిరిగి తీయండి" అని ఆమె జవాబిచ్చింది.

కిటికీ వైపు తిరిగి తీసి పంపాను. కాసేపటికి ఫోన్ మోగింది.

"ఖాళీగా ఉన్నాయి కదండీ."

"ఔను మేడం."

యార్డులో రోజూ కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ మధ్య నిలబడి మాట కలపడమే నా పని. అక్కడ ఎంత గొడవైనా ఏదో ఒక మాట దొరికేది. ఇక్కడ ఒక్కటీ దొరకలేదు.

తర్వాత ఆమె మూడు బొమ్మలు పంపింది. యజమాని ఒత్తిడి పడలేక ఒక కుర్ర చిత్రకారుడితో ఆఖరి భాగానికి నమూనాలు వేయించారట. మేకపిల్ల సరైన బస్సెక్కి, తన ఊళ్లో దిగి, తల్లి దగ్గరికి పరుగెత్తుతుంది. బొమ్మలు బాగున్నాయి. వంక పెట్టడానికేమీ లేదు.

"మేడంగారిని అడగకుండా నేను వేయను. మీరు ఒక్కసారి చూపించండి. ఆవిడ కాదంటే ఆపేస్తాను" అంది.

అంత మర్యాదగా అడిగి నన్ను చిక్కులో పెట్టింది. లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఆ ఫోన్ చొక్కా జేబులో బరువుగా తగిలేది. ఎట్లా చూపించను? నీ పని ఇంకొకరికి ఇస్తున్నారని చెబితే, నువ్వు లేవవని మేమందరం అనుకుంటున్నామని చెప్పినట్టే. ఆమెకు అంతా తెలుస్తుంది. తెలుసుకొని, నోరు లేకుండా, ఆ కళ్లతో నన్ను చూస్తుంది. దాహమా, దురదా అని అడిగి బయటికి వచ్చేసేవాణ్ణి.

"అడగకు. దాని పానం ఆ బొమ్మలల్లనే ఉంది" అంది వదిన.

అట్లా నాన్చుతుండగా రెండు గడువులూ ఒకే రోజు వచ్చాయి. పొద్దున డాక్టరు పిలిచి, నోట్లో గొట్టం ఎక్కువ రోజులు ఉంచకూడదని, గొంతుకు చిన్న రంధ్రం చేసి అక్కడి నుంచి ఊపిరి ఇస్తే మంచిదని చెప్పాడు. మధ్యాహ్నం చేద్దామన్నాడు. ఆ మాట ఆయనే ఆమెకు వివరించాడు. ఆమె పైకి చూసింది, అవునని. నేను సంతకం పెట్టాను. నా సంతకం నాదిలా పడలేదు. బయటికి రాగానే సంపాదకురాలు. సాయంత్రానికి పేజీలు ప్రెస్సుకు పోవాలని, ఏదో ఒకటి చెప్పమని బతిమాలింది. ఆమె గొంతులో కూడా భయముంది. ఆమె ఉద్యోగం మీద కూడా ఏదో వేలాడుతోందని అప్పుడు తోచింది.

మళ్లీ లోపలికి వెళ్లాను. గొంతు కోయబోతున్నారు, ఇప్పుడా అడగడం అనిపించింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అని కూడా అనిపించింది. ఆ రెండో ఆలోచనను అక్కడే ఆపి ఆమె కళ్ల ముందుకు జరిగాను.

"ఇగో, మేడం ఫోన్ చేసింది" అన్నాను. ఆమె కళ్లు నా వైపు తిరిగాయి. "మేకపిల్ల కథ ఆఖరిది వేరేటోళ్లతోని గీయిస్తమంటున్రు. నువ్వు సరేనంటెనే."

పక్కకు చూసింది. కాదు.

"మరి ఆపేయమని చెప్పాల్నా?"

మళ్లీ పక్కకే. నాకు తోచలేదు. చేయించడమూ వద్దు, ఆపడమూ వద్దు. ఇంకేం ఉంటుంది? పక్క మంచం దగ్గరున్న నర్సమ్మ వచ్చి, "ఏదో చెప్తాంది సార్, అక్షరాలు అడుగుదమా?" అంది. ఆమె కళ్లు వెంటనే పైకి వెళ్లాయి.

సెలైన్ డబ్బా అట్ట చింపి, నర్సమ్మ దాని మీద రాస్తూ నిలబడింది. నేను చిన్న బడి పిల్లాడిలా క వరుసా, చ వరుసా, ట వరుసా అంటూ పోయాను. ప వరుస దగ్గర పైకి చూసింది. ప, ఫ, బ, భ, మ. మ దగ్గర ఆగింది. గుణింతం మొదలుపెట్టాను. మే. తర్వాత క. "మేక" అన్నాను. పైకి. తర్వాత బ రాగానే "బస్సు" అన్నాను. పైకి. ఆమె కళ్ల చుట్టూ చెమట పట్టింది. త వరుస, ద, గుణింతం, ది.

"దిగింది?"

పక్కకు.

"దిగుతది?"

పక్కకు.

నర్సమ్మ చేతిలోని అట్ట వంక చూశాను. "దిగదు?"

పైకి చూసింది. అలా చూస్తూనే ఉండి, అలసిపోయి చూపు కిందికి జారిపోయింది. ఇంకా ఉందా అని అడిగాను. జవాబు రాలేదు. ఇంతలో ఆమెను తీసుకెళ్లడానికి మనుషులు వచ్చారు.

బయట బెంచీ మీద వదిన పక్కన కూర్చున్నాను. చేతిలో ఆ అట్ట ముక్క. మేక బస్సు దిగదు. "ఏందిది?" అని వదిన అడిగింది. చదివి వినిపించాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అనుకున్నదే ఆమె కూడా అనుకుంది. మేక ఇంటికి రాదు. అది మేక సంగతి కాదు. నేను వేరేవాళ్ల మాట ఎత్తేసరికి ఆమెకు అంతా అర్థమై, తన జవాబు చెప్పి వెళ్లింది. అడగకపోయినా బాగుండేది. ఆ ఆపరేషన్ గది తలుపు తెరుచుకొని ఎవరు బయటికి వచ్చినా నేను వాళ్ల ముఖం చూడకుండా చెప్పులే చూశాను.

ఫోన్ మోగింది.

"ఏమన్నారండీ?"

"వేరేటోళ్లు వద్దంది మేడం. కథ సగం చెప్పింది. మేక బస్సు దిగదట."

ఆమె ఊపిరి శబ్దం వినిపించింది. "అంతేనా?"

"అంతే. ఇప్పుడు లోపల ఆపరేషన్ అయితుంది."

"సరేనండీ. ఈ నెల ఆ పేజీలో ఇంకెవరి బొమ్మా రాదు. మా యజమానితో నేను మాట్లాడుకుంటాను" అంది. ఆ సంచికలో ఆమె ఏం చేసిందో తర్వాత చూశాను. నేను పంపిన ఖాళీ గళ్లే వేసి, కింద రెండు వాక్యాలు రాసింది. మేకపిల్ల బస్సులోనే ఉంది, క్షేమంగా ఉంది, బొమ్మలు వేసే అక్కకు ఒంట్లో బాగాలేక బస్సు కొన్నాళ్లు ఆగింది అని.

ఆపరేషన్ సవ్యంగా జరిగింది. కానీ ఆమెను మత్తులోనే ఉంచారు. రెండు దినాలు నాకు ఆ మూడు మాటలే లోకం. అన్నం ముందు పెట్టుకున్నా అవే. మూడో రోజు పొద్దున ఆమె కళ్లు నిమ్మళంగా ఉన్నాయి. నోట్లో గొట్టం లేకపోయేసరికి ముఖం మళ్లీ ఆమె ముఖంలా ఉంది. నేను ఏమీ అడగదలుచుకోలేదు. నర్సమ్మ మాత్రం అట్ట ముక్క తెచ్చి, "అమ్మా, ఇంకా ఉందా?" అంది.

పైకి చూసింది.

నాకు భయం వేసింది. వరుసలు చెప్పమని నర్సమ్మకే వదిలి మంచం కాళ్ల వైపు నిలబడ్డాను. ఆ పిల్ల ఓపిగ్గా చెబుతూ పోయింది. అ. తర్వాత మ. "అమ్మ" అంది నర్సమ్మ. పైకి. తర్వాత ఎ. క. నర్సమ్మకు తట్టలేదు. నాకు తట్టింది.

"ఎక్కుతది" అన్నాను. "అమ్మ ఎక్కుతది. మేక బస్సు దిగదు. వాళ్ల అమ్మనే బస్సు ఎక్కుతది. అంతేనా?"

ఆమె పైకి చూసింది. నేను మంచం ఇనుప కడ్డీ పట్టుకొని తల దించేశాను. డాక్టరు ఏడవొద్దని చెప్పాడు. చెప్పినా ఆగలేదు. తలెత్తి చూస్తే ఆమె కళ్లు పక్కకు తిరిగి ఉన్నాయి. వద్దు అంటోంది.

సంపాదకురాలికి ఫోన్ చేసి చెప్పినప్పుడు, "తల్లి కూడా వెతుక్కుంటూ బస్సులు మారుతూనే ఉందన్నమాట" అంది. అంత దూరం నేను ఆలోచించలేదు.

ఆ తర్వాతిదంతా నెమ్మదిగా జరిగింది. భయం కూడా నెమ్మదిగానే పోయింది, పూర్తిగా పోలేదు. ముందు ఎడమ చేతి బొటనవేలు కదిలింది. తర్వాత మిషన్‌ను కొద్దికొద్దిగా తగ్గించారు. ఇంటికి తెచ్చేసరికి వానలు పడ్డాయి. నడక నేర్పడానికి రోజూ ఒకాయన వచ్చేవాడు. ఆ మధ్యలోనే యార్డులో నాకు శాలువా కప్పి పంపించారు. సెక్రటరీ మైకు ముందు నా గురించి చెబుతుంటే నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను, ఇంట్లో ఆమె ఒక్కతే ఉందని.

పెన్నుకు గుడ్డ చుట్టి లావుగా చేసి ఇచ్చాను. మొదట్లో రోజుకు ఒక గీత, రెండు గీతలు. వేలు జారితే కోపంతో కాగితం నెట్టేసేది. కాసేపటికి తనే మళ్లీ దగ్గరికి లాక్కునేది. చలికాలం వచ్చేసరికి ఆఖరి భాగం పూర్తయింది. మేకపిల్ల కిటికీ సీట్లో కూర్చొని ఉంటుంది. బస్సు ఆగుతుంది. మెట్టు మీద తల్లి మేక ముందు కాళ్లు. గీతలన్నీ వణికాయి. జిరాక్స్ సెంటర్‌లో స్కాన్ చేయించి పంపాను.

సంపాదకురాలు ఫోన్ చేసి ముందు బొమ్మలను మెచ్చుకుంది. తర్వాత మళ్లీ ఆ సిగ్గుపడే గొంతుతో, "మావాళ్లు అడుగుతున్నారండీ, కంప్యూటర్‌లో గీతలు కొంచెం సాఫీగా చేయమంటారా? ఐదు నిమిషాల పని" అంది.

"వద్దు మేడం. ఎట్లుంటే గట్లనే ఎయ్యండి" అన్నాను. ఎవరినీ అడగకుండా అనేశాను. మొదటిసారి నా గొంతు తడబడలేదు.

ఫోన్ పెట్టేసి చూస్తే, చాప మీద నుంచి నా భార్య నన్నే చూస్తోంది.

"నన్నడగకుండ నువ్వే చెప్పినవ్?" అంది.

"మరి సాఫ్ చెయ్యమందునా?"

ఆలోచించింది. "వద్దు. కానీ అడగాలె గదా. ఫోన్ ఇటియ్యి."

ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకొని, ఒక్కో వేలూ జాగ్రత్తగా నొక్కి నంబరు కలిపి "హలో" అంది. గొంతుకు రంధ్రం చేశాక ఆమె గొంతు బొంగురుపోయింది. ఆ గొంతును సంపాదకురాలు ఎన్నడూ వినలేదు. నాకు కూడా వినబడేలా అవతలి నుంచి, "ఎవరండీ మాట్లాడేది?" అని వచ్చింది.

"నేనే మేడం" అంది నా భార్య. "మా ఆయనను ఈ పనిల నుంచి తీసేసిన. ఇగ ఏదున్నా నాకే చెయ్యండి."

నా భార్య ఫోన్ చెవి దగ్గరే పెట్టుకొని, అక్కడి ఏడుపు ఆగేదాకా ఓపిగ్గా కూర్చుంది. తర్వాత, వచ్చే సంచికలో తనకు ఎన్ని పేజీలని అడిగింది.